పద్నాలుగో నెంబరు మెడ పట్టేసింది

పాడి ప్రగతి మండలి వారి గుండ్లవాగు కేంద్రంలో పద్నాలుగో నెంబరు దున్నపోతుకు హ్యాండిల్ బరువెక్కింది.

ఈ వాక్యంలో తప్పేమీ లేదు. మండలి రికార్డుల ప్రకారం అది దున్నపోతే. కంటికి మాత్రం వంద సీసీ మోటారుసైకిలులా కనిపిస్తుంది. కంటికి కనిపించేదీ రికార్డులో ఉన్నదీ వేరైనప్పుడు దేన్ని నమ్మాలో తెలియనంత పసివాడు కాదు పేరయ్య. ఆ కేంద్రంలో పశుసేవకుడిగా ఆయనకు ఇరవై రెండేళ్ళ సర్వీసు ఉంది. పైగా ఆ బండిని దున్నపోతును చేసింది స్వయానా ఆయనే.

అదెలా జరిగిందో చెప్పాలి. పూర్వం మండలి వారి ప్రతి కేంద్రంలోనూ ఒక విత్తనపు దున్నపోతు ఉండేది. ఎదకొచ్చిన బర్రెల్ని రైతులు దాని దగ్గరికి తోలుకొచ్చేవాళ్ళు. ఆరేళ్ళ కిందట గుండ్లవాగు దున్నపోతు ముసలితనంతో కన్నుమూసింది. సరిగ్గా అప్పుడే మండలికి ఆధునికత మీద మోజు పుట్టింది. మేలుజాతి వీర్యాన్ని సన్నటి గొట్టాల్లో గడ్డకట్టించి, ఆ గొట్టాల్ని పొగలు కక్కే నత్రజని క్యానులో పెట్టి, క్యానును మోటారుసైకిలుకు కట్టి, రైతు దొడ్లోకే సేవను పంపాలని తీర్మానించింది. బండి వచ్చింది. క్యాను వచ్చింది. వాహనాల రిజిస్టరు మాత్రం రాలేదు. అది అచ్చులో ఉందన్నారు. ఏ రిజిస్టరులోనూ ఎక్కని వస్తువు గేటు దాటకూడదన్నది మండలి నిబంధన. అందుకని నాలుగు నెలల పాటు బండి షెడ్డులోనూ, పేరయ్య అరుగు మీదా ఉండిపోయారు.

ఐదో నెలలో పేరయ్యకు తెలివి పుట్టింది. దున్నపోతుల రిజిస్టరులో పద్నాలుగో నెంబరు వరస ఖాళీగా ఉంది. చచ్చిపోయిన దున్నపోతు చేసిన పనే ఇప్పుడు బండి చేయబోతోంది. దీన్ని అందులో ఎక్కిస్తే పోలా అనుకున్నాడు. జాతి అన్న గడిలో కంపెనీ పేరు, మేత అన్న గడిలో పెట్రోలు, కొమ్ములు అన్న గడిలో ‘రెండు, అద్దాలతో సహా’ అని గుండ్రటి చేతిరాతతో నింపి జిల్లా ఆఫీసుకు పంపాడు. ఉపసంచాలకులు శేషావతారం గారు ఉబ్బితబ్బిబ్బయిపోయారు. ‘అందుబాటులోనున్న వనరుల సృజనాత్మక సమన్వయానికి మకుటాయమానమైన ఉదాహరణ’ అని రాసి, జిల్లాలోని ఇరవై ఆరు కేంద్రాల్లో బండ్లన్నిటినీ అదే పద్ధతిలో ఎక్కించాలని సర్క్యులర్ వేశారు. పేరయ్యను పిలిచి శాలువా కప్పారు. ఆ రోజు ఇంటికొచ్చేటప్పుడు పేరయ్య బస్సులో ఎవరూ అడక్కపోయినా ఆ కథ నలుగురికి చెప్పాడు. ఆ నలుగుర్లో ఒకాయన ‘రేపు దానికి జబ్బు చేస్తే?’ అని అడిగాడు. పేరయ్య నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడా మనిషి ఎక్కడున్నాడో తెలిస్తే వెళ్ళి కాళ్ళు పట్టుకుందామని ఉంది ఆయనకు.

ఆరేళ్ళు బాగానే గడిచాయి. పద్నాలుగో నెంబరు వరసలో సంతానం రెండు వందల పద్నాలుగుకు చేరింది. ఆ తర్వాత హ్యాండిల్ బరువెక్కింది.

బండి బరువుగా తిరిగితే ఎవరైనా బండిని అనుమానిస్తారు. పేరయ్య తనను అనుమానించుకున్నాడు. వయసు యాభై రెండు, రెక్కలు పడిపోయి ఉంటాయనుకుని రెండు వారాలు భుజాలకు నొప్పుల నూనె రాయించుకున్నాడు. భుజాలు జిడ్డయ్యాయి గాని హ్యాండిల్ మెత్తబడలేదు. తిన్నటి రోడ్డు మీద బండి తాగినవాడిలా నెమ్మదిగా ఎడమకూ కుడికీ ఊగేది. వంపు దగ్గర తిరగమంటే తిరిగేది కాదు. తిరిగిందంటే మళ్ళీ తిన్నగా వచ్చేది కాదు. నడిమధ్యలో ఏదో పళ్ళ మధ్య ఇరుక్కున్నట్టు టక్కుమని ఆగేది. నిదానంగా పోతే సర్దుకుంటుందిలే అనుకుని పేరయ్య నిదానంగా పోవడం మొదలుపెట్టాడు. నిదానమయ్యేకొద్దీ హ్యాండిల్ ఇంకా బరువైంది.

అలాంటి రోజుల్లోనే వాగవతల చింతలపాడు నుంచి మార్తమ్మ ఫోను చేసింది. మార్తమ్మకు మొగుడు పోయి నాలుగేళ్ళయింది. ఉన్నదల్లా ఒక బర్రె. దాని పాలే ఇల్లు గడిపేది. ఒక ఈత ఈనింది. రెండో చూడి నిలవక అప్పటికే రెండుసార్లు పొర్లి మళ్ళీ ఎదకొచ్చింది. తెల్లవారుజాము నుంచి అరుస్తోంది, ఈసారన్నా నిలవాలి, సాయంత్రం లోపల రమ్మని ఆమె బతిమాలింది. బర్రెకు ఎద ఇరవై ఒక్క రోజులకు ఒకసారి వస్తుంది, ఒక పూట ఉంటుంది, పోతుంది. ఎవరి కోసమూ ఆగదు.

పేరయ్య గంట ముందే బయల్దేరాడు. కాలవ గట్టు మీద, రోడ్డు కుడికి తిరిగే చోట, పేరయ్య కుడికి తిప్పాడు. బండి తిన్నగా పోయి వరిమళ్ళో దిగింది. ఆయనకు దెబ్బలేం తగల్లేదు. మోకాళ్ళ దాకా బురద, మొహం నిండా అవమానం, అంతే. క్యానును ఏరుకుని, బండిని గట్టెక్కించడానికి మనుషుల్ని పిలుచుకొచ్చి, చింతలపాడు చేరేసరికి చీకటి పడింది. బర్రె ప్రశాంతంగా నెమరు వేస్తోంది. ఎద పోయింది. మార్తమ్మ కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళిచ్చింది. తిట్టి ఉంటే బాగుండేదని పేరయ్యకు అనిపించింది.

మర్నాడు పొద్దున్నే బండిని తోసుకుంటూ కాలేషా షెడ్డుకు పోయాడు. గుండ్లవాగు సెంటరులో మోటారుసైకిళ్ళు బాగుచేసే కాలేషా మాటలు పొదుపుగా వాడే మనిషి. ముందు చక్రంలో గాలి చూశాడు, సరిపోయింది. కేబుళ్ళు ఎక్కడైనా బిగుసుకున్నాయేమోనని చేత్తో తడిమాడు, లేదు. సెంటరు స్టాండు వేసి, వెనక ఒక రాయి కట్టి, ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ను వేలితో నెట్టి వదిలాడు. మంచి బండయితే హ్యాండిల్ దానంతటదే చివరిదాకా పోయి పడుతుంది. ఇది సగంలో ఆగి, టక్కుమని, అక్కడే నిలబడింది. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టింది.

“హ్యాండిల్ కింద కోన్ సెట్ పోయింది పేరయ్యా. లోపల గుండ్లు కప్పుల్లో గుంటలు చేసుకున్నయ్యి. బిగించే కొద్దీ బరువైద్ది, వదులు చేస్తే కొట్టుకుద్ది. కొత్తది ఎయ్యాల. పూట పని.”

అదే పని అప్పుడే చేయించేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కాని పేరయ్య పద్ధతి గల మనిషి. అనుమతి కోసం రాశాడు.

పదకొండో రోజు జవాబొచ్చింది. ‘పద్నాలుగవ నెంబరు దున్నపోతుకు సంక్రమించిన రుగ్మత విషయమై తమరు పంపిన లేఖ అందినది. విత్తనపు పశువులను నాటువైద్యుల చేత తాకించుట పందొమ్మిదవ నిబంధన ప్రకారము శిక్షార్హము. సదరు కాలేషా అను వ్యక్తికి గల పశువైద్య పట్టా వివరములు తెలుపగలరు. ఈలోగా మండలి వైద్యులు స్వయముగా పరీక్ష జరిపి రోగనిర్ధారణ గావించెదరు.’

పేరయ్య ఆ కాగితాన్ని కాలేషాకు చదివి వినిపించాడు. కాలేషా చేతులు తుడుచుకుంటూ, తనకు పట్టా లేదు గాని తమ తాతకు గుర్రాల నాడాలు కొట్టడం వచ్చని, అది రాస్తే పనికొస్తుందేమో చూడమని అన్నాడు.

డాక్టరు విశ్వమోహన్ గారు మంచివారు, చదువుకున్నవారు. సొంత స్కూటరు మీద వచ్చారు. ముప్ఫై రెండు గడుల ఫారం తీసి షెడ్డులో కుర్చీ వేయించుకున్నారు. రోగి వయసు, బరువు, ఆకలి, నడక అడిగారు. ఆకలి మామూలుగానే ఉందని, నడకే బాగాలేదని పేరయ్య చెప్పాడు. చెవికి నెంబరు బిళ్ళ ఏదని అడిగితే ఎడమ అద్దానికి తగిలించింది చూపించాడు. ఉష్ణోగ్రత గడి దగ్గర డాక్టరు గారు కాసేపు ఆలోచించి, థర్మామీటరును సైలెన్సరులో పెట్టారు. పేడ నమూనా గడి ఖాళీగా వదలడానికి వీల్లేదు గనక ఇంజనులోంచి పాత ఆయిలు ఒక సీసాలోకి పట్టి ప్రయోగశాలకు పంపారు. అక్కణ్ణుంచి తర్వాత నివేదిక కూడా వచ్చింది. పురుగుల గుడ్లు కనిపించలేదట, రంగును బట్టి అజీర్తి ఉండవచ్చట.

ఉండబట్టలేక పేరయ్య అడిగాడు. “తమ స్కూటరుకు ఇట్టా అయితే ఏం చేస్తారు సార్?”

“మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తాను,” అన్నారు డాక్టరు గారు, ఫారం మీంచి తల ఎత్తకుండా. “అది నా సొంతం. దానికి రోగం రాదు, రిపేరే వస్తుంది.”

ఆఖరున రోగనిర్ధారణ రాశారు. గ్రీవాస్తంభనం, అంటే మెడ పట్టేయడం. అంటువ్యాధి కాదని రుజువయ్యేదాకా అంటువ్యాధిగానే భావించాలి గనక ఇరవై ఒక్క రోజులు ఏకాంత విశ్రాంతి. విడిగా నీళ్ళతొట్టి. పూటకొకసారి ఉష్ణోగ్రత నమోదు. రోగి పక్కన సేవకుడు సదా ఉండాలి. పేరయ్య షెడ్డు చుట్టూ తాడు కట్టి, సున్నం చల్లి, తొట్టి పెట్టి, స్టూలు వేసుకుని కూర్చున్నాడు. తన తెలివితేటలు తనను ఎక్కడికి తెచ్చి కూర్చోబెట్టాయో చూసుకోవడానికి ఆయనకు ఇప్పుడు కావలసినంత తీరిక దొరికింది.

ఏకాంతం నాలుగో రోజున మార్తమ్మ నడిచి వచ్చింది. చెప్పులు చేతిలో పట్టుకుని తాడు అవతల నిలబడింది. ఆ సమయానికి పేరయ్య సైలెన్సరులోంచి థర్మామీటరు తీసి వెలుతురుకు పట్టి చూస్తున్నాడు.

“బండికి జొరం చూస్తన్నావా అన్నా?”

పేరయ్య తల వంచుకున్నాడు. ఆమె వెటకారంగా అడగలేదు, నిజంగానే అడిగింది. బర్రె మళ్ళీ ఎదకొచ్చిందని, బండి లేకపోతే నడిచి రమ్మని అంది. తాను క్యాను మోస్తానంది. రోగిని వదిలి కదిలితే ఉద్యోగం పోతుందని పేరయ్య నసిగాడు. రిజిస్టరైన దున్నపోతు లేకుండా సేవ చేయడం కూడా నేరమేనని చెప్పాడు. చెప్పినవన్నీ నిజాలే. అందులో ఒక్కటీ ఆమె బర్రెకు పనికొచ్చేది కాదు.

“ఏసోబు మాట ఇచ్చేసిండు బేరగాడికి,” అంది మార్తమ్మ. ఏసోబు ఆమె మరిది. “వచ్చేసారి గూడా పోతే కబేళా లారీ ఎక్కిత్తాడంట. వట్టిపోయినదాన్ని ఎన్నాళ్ళు మేపుతామంటన్నాడు. ఆడి మాట గూడా తప్పు గాదు గదా.”

ఆమె వెళ్ళిపోయింది. పేరయ్య స్టూలు మీద కూర్చుని ఫారంలో ఉదయం ఉష్ణోగ్రత రాశాడు. రాస్తుంటే సిగ్గేసింది. బండి మొరాయిస్తే కోన్ సెట్ పోయిందన్నారు, డాక్టరు వస్తే మెడ పట్టేసిందన్నారు. కదలాల్సినప్పుడు కదలనిది తానే గదా అనుకున్నాడు.

ఇంతలో వ్యవహారం జిల్లాకెక్కింది. మెడ పట్టేసిన దున్నపోతు పక్కన ఇరవై ఒక్క రోజులు స్టూలు మీద కూర్చోవచ్చునన్న సంగతి మిగతా కేంద్రాలకు తెలిసింది. వారం తిరక్కుండా ఆరు కేంద్రాల్లో దున్నపోతులకు మెడలు పట్టేశాయి. రెండో వారానికి పదిహేడు. ఒక కేంద్రంలో బండి ఇంకా పెట్టెలోంచే తియ్యలేదు, దానికీ పట్టేసింది. శేషావతారం గారు దీన్ని మహమ్మారిగా ప్రకటించి అత్యవసర సమావేశం పెట్టారు.

పేరయ్య ఆ సమావేశానికి ఒక నిశ్చయంతో పోయాడు. లేచి నిలబడి, తప్పంతా తనదేనని, ఆరేళ్ళ కిందట తనకు పుట్టింది తెలివి కాదని, అది దున్నపోతు కాదు మోటారుసైకిలని, రిజిస్టరులోంచి కొట్టేయించి కాలేషాకు అప్పగిస్తే పూటలో బాగవుతుందని చెప్పాడు. శేషావతారం గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“పేరయ్య గారూ, మీ ఆవేదన మేము అర్థం చేసుకోగలం. ఆత్మీయమైన పశువుకు జబ్బు చేసినప్పుడు మనిషి ఇలాగే మాట్లాడతాడు. అయితే రిజిస్టరులోంచి దున్నపోతును తొలగించాలంటే పోస్టుమార్టం నివేదిక జతపరచాలి. అందుకు ముందుగా అది మరణించాలి. మరణించినదా?”

లేదని పేరయ్య ఒప్పుకున్నాడు.

“మరి బతికున్న ప్రాణి ఉసురు పోసుకుందామా?” అన్నారు శేషావతారం గారు. సభ్యులు తలలు అడ్డంగా ఊపారు. పేరయ్య కూర్చున్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. డాక్టరు విశ్వమోహన్ గారు శ్రద్ధ గల మనిషి కావడంతో ఫైలు మొదట్నుంచీ చదివారు. చదివి, అందరూ మరిచిపోయిన ఇరవై ఏడో నిబంధనను బయటికి తీశారు. ఏ విత్తనపు దున్నపోతునూ ఒకే కేంద్రంలో మూడేళ్ళకు మించి ఉంచరాదు. ఎందుకంటే దానికి పుట్టిన పెయ్యలు ఎదిగి మళ్ళీ దాని దగ్గరికే వస్తాయి. పద్నాలుగో నెంబరు ఆరేళ్ళుగా గుండ్లవాగులోనే ఉంది. కనుక ఏకాంతం ముగిసినా, పద్నాలుగో నెంబరు తన సంతానమైన ఏ పశువు ఉన్న దొడ్లోకీ అడుగు పెట్టరాదని ఉత్తరువు వేశారు. జాబితా జతచేశారు. చింతలపాడులో తొమ్మిది పశువులు. అయిదోది మార్తమ్మ బర్రె. బండి కొత్తలో పేరయ్య వేసిన మొదటి సూదులకు పుట్టిన దూడల్లో అదొకటి. దూడల రిజిస్టరులో ఉన్నది తన చేతిరాతే. తండ్రి గడిలో ‘పద్నాలుగు’ అని ఎంత గుండ్రంగా రాశాడో చూసుకుని ఆయనకు నవ్వొచ్చింది. నవ్వాక కళ్ళు తడయ్యాయి.

మళ్ళీ ఇరవై ఒక్క రోజులకు మార్తమ్మ ఫోను చేసినప్పుడు పొద్దున ఎనిమిది గంటలయింది. ఆమె బతిమాలలేదు. బర్రె అరుస్తోందని మాత్రం చెప్పి పెట్టేసింది. పేరయ్య క్యాను మూత బిగించి, భుజాన తువ్వాలు మడత పెట్టి, దాని మీద క్యాను పెట్టుకుని ఎండలో బయల్దేరాడు. సెంటరులో కాలేషా చూసి తన బండి ఎక్కమన్నాడు. పేరయ్య వద్దన్నాడు. కాలేషా బండి ఏ రిజిస్టరులోనూ లేదు, ఊరి మీద తిరిగే దున్నపోతు కింద లెక్క, దాని మీద పోతే శిక్ష ఇంకా ఎక్కువ. కాలేషా తన గొడుగు ఇచ్చాడు.

ఆరు కిలోమీటర్లు. నడుస్తుంటే పేరయ్యకు ఒక విషయం తట్టింది. కాలవ గట్టు మీద రోడ్డు కుడికి తిరిగిన చోట తానూ కుడికి తిరిగాడు. ఇంత సులువైన పనికి రెండు ఎదలు పోగొట్టానే అనుకున్నాడు. పదకొండింటికి మార్తమ్మ దొడ్లో ఉన్నాడు. బర్రె కుదురుగా నిలబడింది. పని ముగిశాక ఆమె మజ్జిగ ఇచ్చింది.

ఇరవై ఒకటో రోజు బర్రె అరవలేదు. నలభై రెండో రోజూ అరవలేదు. మూడు నెలలు నిండాక పేరయ్య మళ్ళీ నడిచిపోయి చెయ్యిపెట్టి చూశాడు. చూడే. ఆ మాట చెబితే మార్తమ్మ బర్రె మెడ మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. గుమ్మంలో ఏసోబు నిలబడి ఉన్నాడు. బేరగాడి లారీ ఆ శనివారం వస్తుంది.

“ముద్ర ఏసిన కాయితం కావాల అన్నా,” అన్నాడు ఏసోబు. “మా వొదిన పోయిన తడవ గూడా నిలిచిందనే చెప్పింది. బేరగాడికి మాటిచ్చినోణ్ణి, వట్టి చేతుల్తో ఎట్టా తప్పుకునేది?”

పేరయ్య చూడి ధ్రువపత్రాల పుస్తకం తీశాడు. యజమాని పేరు, ఊరు, బర్రె చెవి నెంబరు రాశాడు. ‘ఏ దున్నపోతు ద్వారా’ అన్న గడి దగ్గర కలం ఆగింది. ఖాళీగా వదిలితే ముద్ర వేయకూడదు. పద్నాలుగు అని వేస్తే ఆ రోజు పద్నాలుగుకు ఈ దొడ్లో ప్రవేశం లేదు, కాగితం చెల్లదు, శనివారం లారీ వస్తుంది. ఏసోబు తొంగిచూస్తున్నాడు. మార్తమ్మ చూడటం లేదు, బర్రె వైపు తిరిగి ఉంది. పేరయ్య రాశాడు. ‘పేరయ్య, పశుసేవకుడు. కాలినడకన.’ ముద్ర వేసి చించి ఇచ్చాడు. ఏసోబు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, బేరగాడికి ఫోను చెయ్యడానికి దొడ్లోంచి బయటికి పోయాడు.

ధ్రువపత్రం నకలు జిల్లాకు పంపి, పేరయ్య ఉద్యోగం పోతుందని సిద్ధపడ్డాడు. ఎదురుచూశాడు. నెల తర్వాత వచ్చిన కవరులో సస్పెన్షను కాగితం కాక అభినందన ఉంది. ‘రిజిస్టరు కాని పశువు ద్వారా సేవ జరుగుట తీవ్రమైన లోపము. అయినను సదరు సేవకుడు చూపిన నూటికి నూరు శాతము ఫలితములను దృష్టిలోనుంచుకొని, మేత వ్యయము లేనందునను, ఆయనను పదిహేనవ నెంబరుగా క్రమబద్ధీకరించడమైనది.’

పేరయ్య చిన్నప్పుడు వాళ్ళ నాయన పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఆయన్ను దున్నపోతా అనే పిలిచేవాడు. యాభై రెండో ఏట దానికి రుజువు దొరికింది. డాక్టరు విశ్వమోహన్ గారు మళ్ళీ ముప్ఫై రెండు గడుల ఫారంతో వచ్చారు. కొమ్ములు లేవని, స్వభావం సాధువని, మెడ రెండు వైపులా బాగా తిరుగుతోందని రాసుకున్నారు. బిళ్ళ చెవికి కుట్టాల్సిందే గాని, మానవతా దృక్పథంతో చొక్కా జేబుకు తగిలించారు. పేరయ్య నిటారుగా నిలబడి అన్నీ చేయించుకున్నాడు. ఈ ఫారానికి దారి వేసినవాడు తానే గనక ఎవర్నీ తిట్టుకునే హక్కు లేదనుకున్నాడు.

పద్నాలుగో నెంబరును సేవలకు పనికిరాదని తేల్చి, వయసు మళ్ళిన పశువుల విశ్రాంతి నిలయానికి పంపేశారు. అక్కడి మేనేజరు దాని ముందు రెండు రోజులు ఎండుగడ్డి వేయించి చూశాడు. మూడో రోజు కాలేషాను పిలిపించాడు. విశ్రాంతి తీసుకునే పశువుకు ఎవరు వైద్యం చేయాలో నిబంధనల్లో ఎక్కడా లేదు. కాలేషా పూటలో కొత్త కోన్ సెట్ వేశాడు. ఇప్పుడు మేనేజరు దాని మీదే గడ్డిమోపులు తెచ్చుకుంటున్నాడు. చిటికెన వేలితో తిప్పినా హ్యాండిల్ తిరుగుతోందని సెంటరులో చెప్పుకుంటున్నారు.

పదిహేనో నెంబరుతో పాటు దున్నపోతుల సేవానిబంధనలన్నీ పేరయ్యకు వర్తించాయి. వాటిలో ఒకటి చదివి ఆయన చాలాసేపు నవ్వుకున్నాడు. విత్తనపు దున్నపోతుకు వారానికొక రోజు, ఆదివారం, సంపూర్ణ విశ్రాంతి ఇవ్వాలి. మనిషిగా ఉన్నప్పుడు ఒక్క ఆదివారం కోసం ఆయన నాలుగు అర్జీలు పెట్టుకున్నాడు. బదులు మనిషి లేడని నాలుగూ తిప్పి పంపారు. దున్నపోతయ్యాక అడక్కుండానే వచ్చింది.

మొదటి ఆదివారం పేరయ్య స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, వాకిట్లో మంచం వాల్చుకుని పడుకున్నాడు. ఎనిమిది గంటలకు మార్తమ్మ వచ్చింది. చర్చికి పోయే చీర కట్టుకుంది గాని చర్చికి పోలేదని తెలుస్తూనే ఉంది. మొహమాటంగా నిలబడింది. తమ పక్కింటివాళ్ళ పడ్డ దూడ మొదటిసారి ఎదకొచ్చిందని, రాత్రి నుంచి ఒకటే అరుపని చెప్పింది.

“ఇయ్యాల నీకు సెలవంట గదా అన్నా. దున్నపోతులకి ఆదివారం పని చెప్పగూడదంట. ఏసోబు చెప్పిండు.”

పేరయ్య మంచం మీంచి లేచాడు. చొక్కా జేబుకున్న బిళ్ళ ఊడదీసి దిండు కింద పెట్టాడు. క్యాను మూత సరిచూసుకుని, భుజాన తువ్వాలు వేసుకున్నాడు.

“సెలవిచ్చింది దున్నపోతుకు మార్తమ్మా. నాకెవరిచ్చారు?”